ఎడమకే తిరిగే పడవ

"ఆరాంగుందా?" అని ఎవరు అడిగినా "ఉంది" అనడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కొత్త చెప్పులు తొడిగి అడిగినా, బస్సులో కిటికీ పక్కన సీటు ఇచ్చి అడిగినా, ఆస్పత్రిలో నర్సు మంచం తల పైకెత్తి అడిగినా నా జవాబు ఒకటే. ఉందో లేదో చూసుకుని చెప్పే జవాబు కాదు అది. అడిగినవాళ్ళు ఇక ఊరుకోవాలని చెప్పేది. యాభై దాటాక ఒక పడవ వచ్చి ఆ జవాబును పాడు చేసింది. ఆ సంగతే రాస్తున్నాను. అయితే ముందే ఒక మాట చెప్పాలి. ఇందులో చాలా దూరం వరకు నాకేమీ అర్థం కాలేదు. బీదర్‌లో ఇన్నేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెప్తున్న మనిషిని, ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

నాకు పసితనంలో పోలియో వచ్చింది. ఎడమ కాలు సన్నం, పొట్టి. నడిచేటప్పుడు ఎడమ చేత్తో తొడను నొక్కి పట్టుకుని అడుగు వేస్తాను. పక్క చక్రాలు బిగించిన స్కూటర్ మీద బడికి వెళ్ళొస్తాను. మా చర్చిలో ఆ కాలి మీద చేతులు పెట్టి ప్రార్థన చేసినవాళ్ళు ఎందరో. మంచివాళ్ళే, వాళ్ళ మీద నాకు కోపం లేదు. కాని కళ్ళు తెరిచాక అందరూ ముందు నా ముఖం వైపు చూసేవాళ్ళు కాదు, కాలి వైపు చూసేవాళ్ళు. అది పెరిగిందేమోనని.

ఒక చలికాలం మా బడి పిల్లలను భాల్కి దిక్కున ఉన్న కారంజా డ్యాముకు తీసుకెళ్ళాం. అక్కడ ఎవరో నీటి ఆటల క్యాంపు పెట్టారు. ఒడ్డున రంగురంగుల కయాకులు వరసగా బోర్లించి ఉన్నాయి. ఒక్క మనిషి కాళ్ళు ముందుకు చాపుకుని కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో తోసుకుంటూ పోయే సన్నటి పడవలవి. పిల్లలు అరుస్తూ ఎక్కుతున్నారు. ఎప్పటిలాగే వాళ్ళ టిఫిన్ డబ్బాలకు కాపలా కూర్చోవడానికి నేను నీడ వెతుక్కుంటున్నాను.

కోచ్ నా దగ్గరికి వచ్చి, "నీవూ బన్ని మేడం" అని కన్నడంలో పిలిచాడు, మీరూ రండని. నేను కాలు చూపించాను. అతను నవ్వి, "కాలు బేడ మేడం, కై సాకు" అన్నాడు. కాళ్ళు అక్కర్లేదట, చేతులు చాలట. నా జీవితంలో నాకు ఆ మాట చెప్పిన మొదటి మనిషి అతనే. నేను ఎక్కాను.

అది పైన మూతలేని వెడల్పాటి ప్లాస్టిక్ పడవ, నారింజ రంగుది. పీట మీద కూర్చున్నట్టు దాని మీద కూర్చోవడమే. తెడ్డు వేయగానే కదిలింది. ఒడ్డు నుంచి పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఆ చప్పట్లు వినబడలేదు, తర్వాత వాళ్ళు చెప్తే తెలిసింది. నాకు తెలిసినదల్లా ఒకటే, నేను కుంటకుండా పోతున్నాను. నేను దాటిపోయాక వెనక నుంచి ఎవరు చూసినా ఒక ఆడమనిషి పోతోంది అనుకుంటారు, అంతే. ఒడ్డుకు వచ్చాక నాకు ఏడుపు వచ్చింది. నీళ్ళు పడ్డాయని ముఖం తుడుచుకున్నాను.

ఆ రోజు నుంచి నాకు కయాక్ కావాలి. ఇంట్లో చెప్తే మా ఆయన పేపరు మడిచి నన్ను చూశారు. ఆయన పోస్టాఫీసులో పని చేస్తారు. తడి అంటే ఆయనకు పడదు. వానాకాలంలో ఉత్తరాలు తడుస్తాయని రెండు గొడుగులు పట్టుకెళ్ళే మనిషి.

"నీకు ఈత రాదు" అన్నారు.

"జాకెట్ వేసుకుంటా."

"నేలమీద నడుస్తుంటేనే నాకు పాణం గుబగుబ అంటది. ఇప్పుడు నీళ్ళ మీద గూడనా?"

నేను కోప్పడలేదు. మాట్లాడటం మానేశాను. మా ఇంట్లో కోపం కన్నా అది బాగా పని చేస్తుంది. నాలుగో రోజుకు ఆయనే మా అన్నకు ఫోన్ చేశారు.

మా అన్న బీదర్ పక్కనే కొల్హార్‌లో ఒక ఫ్యాక్టరీకి డీసీఎం లారీ నడుపుతాడు. వారానికి ఒకసారైనా హైదరాబాద్ పోయి వస్తాడు. అక్కడ ఎవరో అపార్ట్‌మెంట్ వాళ్ళు కొని, రెండుసార్లు నడిపి, బాల్కనీలో నిలబెట్టిన కయాక్ ఉందని తెలుసుకున్నాడు. మనిషిలో సగం లోపలికి పోయి కూర్చునే రకమది. కాళ్ళు మూత కింద ఉంటాయి, పైకి నడుము నుంచే కనిపిస్తుంది. ఆ మాట వినగానే నాకు మరీ నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పక్కర్లేదు.

అన్న ఫోన్‌లో, "చెల్లె, అమ్మేటాయన అడుగుతుండు, మనిషి ఎంత పొడుగు, కాలు ఎంత పొడుగు అని. ఒంటికి సరిపోయేది తీసుకోవాలంట, చెప్పుల లెక్క. పుల్ల పంపు" అన్నాడు.

పుల్ల అంటే మా ఇంట్లో అందరికీ తెలుసు. మా చిన్నప్పుడు పిల్లలను బజారుకు తీసుకెళ్ళి చెప్పులు కొనేవాళ్ళు కాదు. తీసుకెళ్తే మిఠాయి అడుగుతారు, బొమ్మలు అడుగుతారు. అందుకని పొరకలోంచి ఒక పుల్ల లాగి, పాదం పక్కన పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచి, ఇంకో వేలెడు కలిపి విరిచేవాళ్ళు. ఆ వేలెడు ఎందుకంటే పిల్లలు పెరుగుతారు కాబట్టి. నాయన ఆ పుల్ల చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళి దుకాణంలో చెప్పులో పెట్టి చూసి తెచ్చేవాడు. ఏదైనా పెద్దదే కొనాలి. చెప్పులు పెద్దవి, గౌన్లు పెద్దవి, చివరికి క్రిస్మస్‌కు కుట్టించిన లంగా కూడా మడిచి కుట్టు వేసిందే. ఆ మడత విప్పేసరికి గుడ్డ చిరిగిపోయేది. సరిగ్గా సరిపోయిన బట్ట మేము ఎన్నడూ కట్టలేదు. సరిపోవడం అంటే ఎలా ఉంటుందో తెలియకుండానే పెద్దవాళ్ళమయ్యాం.

ఆ సాయంత్రం నేను గోడకు ఆనుకుని నేల మీద కాళ్ళు చాపి కూర్చున్నాను. మా ఆయన కొత్త ఈనెల పొరకలోంచి అన్నిటికన్నా పొడుగు పుల్ల తీసి, తుంటి నుంచి అరికాలి దాకా కొలిచి విరిచారు. నడుము చుట్టూ పురికొస పెట్టి ముడి వేశారు. ఆ పుల్లా ఆ పురికొసా కాగితంలో చుట్టుకుని అన్న హైదరాబాద్ పోయాడు. ఫోన్‌లో అంకెలు చెప్తే సరిపోయేది. ఆ ఆలోచన లెక్కల టీచరుకు రాలేదు, పోస్టాఫీసు ఆయనకు రాలేదు, రోజూ కిలోమీటర్లు చూసుకుంటూ బండి నడిపే అన్నకు కూడా రాలేదు.

పడవ వచ్చింది. నీలం రంగు. డీసీఎం మీద మా గల్లీలోకి వస్తుంటే జనమంతా బయటికొచ్చి చూశారు. పాస్టరమ్మ గారు అది స్నానాల తొట్టి అనుకున్నారు. లోపల పాదాలు ఆనించడానికి రెండు చిన్న తొక్కుడు పలకలు ఉండాలట, వాటి మీద కాళ్ళు తన్ని పెట్టి కూర్చోవాలట. పాతవి విరిగిపోయాయని అన్న ముందే కొల్హార్‌లో ఫైబర్ పని చేసే షెడ్డుకు తీసుకెళ్ళి, నా పుల్ల కొలతకు కొత్తవి కదలకుండా బోల్టులు వేయించి తెచ్చాడు.

"గట్టిగ చేయించిన. నీ మనుమలు గూడ తొక్కుతరు" అన్నాడు. అన్న ముఖంలో ఆ సంతోషం చూసి నాకు ముద్దొచ్చింది.

మా బడిలో పిల్లలకు వంట చేసే అక్క వాళ్ళ పొలం డ్యాం వెనక నీళ్ళకు ఆనుకుని ఉంటుంది. తాతల నాటి నుంచి అక్కడే వ్యవసాయం. పడవ వాళ్ళ పశువుల కొట్టంలో పెట్టుకోమంది. ఆదివారం ఆరాధన కాగానే నలుగురం పోయాం, నేను, మా ఆయన, అన్న, అక్క. నన్ను పడవలో కూర్చోబెట్టడం ఒక పెద్ద పని అయింది. చివరికి మా ఆయన నా చంకల కింద, అన్న మోకాళ్ళ కింద చేతులు వేసి ఎత్తి లోపలికి దింపారు. కాళ్ళు మూత కిందికి జారిపోయాయి.

"ఆరాంగుందా?" అన్నాడు అన్న.

"ఉంది" అన్నాను.

తెడ్డు వేశాను. పడవ కదిలి, నెమ్మదిగా ఎడమకు తిరిగి, ఒక చుట్టు చుట్టి మళ్ళీ ఒడ్డు వైపే ముఖం పెట్టింది. మళ్ళీ తోశాను. మళ్ళీ అదే. కుడి పక్క వేసినా, ఎడమ పక్క వేసినా, ఏం చేసినా చివరికి ఎడమకే పోతోంది. అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "టీచరమ్మ, గిది పుట్టి లెక్క తిరుగుతాంది" అంది. పుట్టి అంటే గుండ్రటి తోలు పడవ, మంజీర దాటడానికి వాళ్ళ తాతలు వాడేవాళ్ళట. నాకు మండిపోయింది. పడవ తిరిగినందుకు కాదు, అక్క నవ్వినందుకు.

"పడవల ఏదో ఉంది" అన్నాను.

మా ఆయన ఒడ్డు నుంచి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నారు.

అన్న పడవ తీసుకుని తను ఎక్కాడు. బాణంలా పోయి వచ్చాడు. నాకేమీ అర్థం కాలేదు. పడవ మంచిది, నీళ్ళు అవే నీళ్ళు, నా చేతులు బడిలో బెంచీలు మోసే చేతులు. మరి లోపం ఎక్కడ? అప్పటి నుంచి ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్పడం మొదలుపెట్టారు. అన్న గాలి అన్నాడు. గాలి అయితే అతన్ని ఎందుకు తిప్పలేదో చెప్పలేదు. మా ఆయన పీట వంకర అన్నారు. అక్క బాగా ఆలోచించి, "నువ్వు కుడి చేత్తో బోర్డు మీద రాసి రాసి ఆ చెయ్యి బలమయ్యింది, అందుకే" అంది. నాకు అదే నిజమనిపించింది. ఆ వారమంతా ఎడమ చేత్తో బోర్డు మీద రాశాను. పిల్లలు ఏమీ అనలేదు గాని ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

రెండో ఆదివారానికి మా ఆయన దిండ్లు తెచ్చారు. మెత్తగా ఉంటే ఆరాంగా ఉంటుంది, ఆరాంగా ఉంటే సక్కగా పోతుంది అని ఆయన లెక్క. కింద దిండు, నడుముకు దిండు, పక్కన మడిచిన దుప్పటి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నేను పరుపు మీద కూర్చున్నట్టు ఎత్తులో ఊగుతూ ఇంకా చిన్న చుట్టు చుట్టాను. పైగా ఎడమ తొడ తిమ్మిరెక్కి రాయిలా అయిపోయింది. ఒడ్డుకు చేరగానే మా ఆయనా అన్నా కలిసి నన్ను బయటికి లాగారు. గట్టు మీద కూలబడి ఆ కాలిని రుద్దుకుంటుంటే మా ఆయన పక్కన కూర్చున్నారు.

"ఇది ఆడుకునేటి ముచ్చట కాదు" అన్నారు. "నడిమిట్ల కాలు మొద్దుబారి, పడవ తిరిగి, బోర్ల పడితే నేనేం చెయ్యాలె? నాకు గూడ ఈత రాదు. వచ్చే ఐతారం ఆ తుమ్మ మోడు దాకా సక్కగ పోయి, సక్కగ రా. వస్తే నేను ఇగ నోరెత్త. రాకపోతే పడవ వాపస్."

తుమ్మ మోడు అంటే నీళ్ళలో మునిగి చచ్చిపోయిన చెట్టు, ఒడ్డుకు కొంచెం దూరంలో కొమ్మలు పైకి ఉంటాయి. కొంగలు వాలుతాయి. ఆయన మాటలో తప్పు లేదని నాకు తెలుసు, అందుకే ఎక్కువ కోపం వచ్చింది.

ఆ వారం నేను ఫోన్‌లో వీడియోలు చూశాను. చూసినకొద్దీ తికమక పెరిగింది. కయాక్ ఒంటికి చొక్కాలాగా సరిపోవాలి అంటాడొకడు. తుంటికి రెండు పక్కలా తగలాలి, మోకాళ్ళు పైన మూతకు ఆనాలి, పాదాలు రెండూ తన్ని పెట్టుకోవాలి అంటాడు. ఇంత బిగువుగా ఉంటే అది ఆరాం ఎలా అవుతుంది? మా ఇంట్లో ఆరాం అంటే వదులు. ఊపిరాడేది, కాళ్ళు చేతులు ఆడేది, ఇంకో వేలెడు పట్టేది. చివరలో వాడు నవ్వుతూ, చేతులు తెడ్డును పట్టుకుంటాయి గాని పడవను నడిపేది కాళ్ళే అన్నాడు. ఆ మాట నేను మళ్ళీ మళ్ళీ విన్నాను. కాలు బేడ, కై సాకు అన్న కోచ్ గుర్తొచ్చాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్తున్నారు. ఎవరో తేల్చుకోలేక ఫోన్ మూసేశాను.

అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. దానికి కారణం ఇప్పుడు చెప్పగలను. నా ఎడమ కాలు ఎక్కడా ఆనదు. కుర్చీలో కూర్చుంటే ఆనదు, స్కూటర్ మీద ఆనదు, చర్చి బెంచీ మీద ఆనదు. అది గాలిలో ఉండటమే నాకు మామూలు. పడవలో కూడా అది గాలిలో ఉందంటే అందులో విశేషం ఏముంది? సరిగ్గా కూర్చున్నాననే అనుకున్నాను.

మూడో ఆదివారం అన్న డీసీఎం తీసుకునే వచ్చాడు. నేను ఓడిపోతే పడవ ఎక్కించుకుపోవడానికి. కొట్టంలో బోర్లించిన పడవను తిప్పి నీళ్ళలో పెట్టారు. దిండ్లు వద్దన్నాను. ఎక్కాను. లోపల ప్రార్థన చేసుకున్నాను, పడవ కోసం ప్రార్థన చేయడం తప్పో ఒప్పో తెలియకుండానే. తుమ్మ మోడు మీద కళ్ళు పెట్టి తోశాను. సగం దూరం సక్కగానే పోయింది. తర్వాత మోడు కళ్ళ ముందు నుంచి కుడికి జరగడం మొదలైంది. ఎంత బలం పెడితే అంత తొందరగా జరిగింది. ఒంట్లో బలమంతా పెట్టాను. కొంగలు లేచిపోయాయి. నేను మళ్ళీ ఒడ్డు వైపే చూస్తున్నాను.

మా ఆయన నన్ను దింపి గట్టు మీద కూర్చోబెట్టి చెప్పులు తెచ్చిచ్చారు. ఎడమ చెప్పులో గుడ్డ కుక్కి ఉంటుంది, అది ఊడిపోతే మళ్ళీ సర్ది ఇచ్చారు. నేను ఇక పడవ సంగతి ఎత్తనని మనసులో అనుకున్నాను. నాకు నీళ్ళు రాసిపెట్టి లేవు, అంతే కదా. ఎన్ని రాసిపెట్టి లేవు, వాటిలో ఇదొకటి.

అన్న లోపలి నీళ్ళు పారబోయడానికి పడవను పక్కకు వంచి, ఫోన్ టార్చి వేసి లోపలికి తొంగి చూశాడు. చూస్తూ అలాగే ఉండిపోయాడు. పామేమైనా ఉందేమో అనుకున్నాను.

"చెల్లె, గీ దిక్కు రా" అన్నాడు.

అక్క చెయ్యి పట్టుకుని వెళ్ళి వంగి చూశాను. కుడి తొక్కుడు పలక తళతళ మెరుస్తోంది, నా పాదం రుద్దిన చోట మట్టి అంతా పోయింది. ఎడమ పలకకు, పడవ గోడకు మధ్య సాలెగూడు ఉంది. వారం రోజులు కొట్టంలో ఉన్నప్పుడు అల్లిన గూడు. అందులో చిన్న సాలీడు కూడా ఉంది. నేను ఒళ్ళంతా బలం పెట్టి తోసి వచ్చాక కూడా ఒక్క పోగు తెగలేదు.

"నీ కాలు ఆడిదాక అందుతలేదు" అన్నాడు అన్న. "నువ్వు ఒక్క కాలుతోటి తంతున్నవు. కుడి దిక్కు బలం ఎక్కువైతే పడవ ఎడమకే కద పోయేది."

అప్పుడు అందరం ఒకేసారి మా ఆయన వైపు చూశాం, పుల్ల విరిచింది ఆయన కాబట్టి. ఆయన బిక్కముఖం వేసి, "ఆమె కుడి కాలు సాపింది. నేను దాన్నే కొలిచిన" అన్నారు.

నిజమే. గోడకు ఆనుకుని కూర్చున్న నేను కొలత అనగానే కుడి కాలు ముందుకు పెట్టి, ఎడమ కాలిని చీర కిందికి లాక్కున్నాను. ఎందుకు లాక్కున్నానో నన్ను అడిగితే చెప్పలేను. ఎప్పుడూ అంతే చేస్తాను. టైలరు దగ్గరా అంతే, చెప్పుల దుకాణంలోనూ అంతే. చిన్నప్పుడు ఆస్పత్రుల్లో ఆ కాలిని కొలిచారు గాని వాళ్ళు కొలిచింది జబ్బును.

అన్న కొట్టం మూలన ఉన్న పొరకలోంచి ఒక పుల్ల లాక్కొచ్చాడు. పడవను గడ్డి మీదికి లాగి నన్ను దానికి ఆనుకుని కూర్చోమన్నాడు. తను ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఆ కాలు ఇయ్యి" అన్నాడు.

మా ఆయన ఉన్నారు, అక్క ఉంది, గట్టు మీద వాళ్ళాయన ఎడ్లను పట్టుకుని చూస్తున్నాడు. నేను కాలు చాపాను. అన్న నా మడమను అరచేతిలో పెట్టుకుని పుల్లను తుంటి దాకా పెట్టి, అరికాలి దగ్గర గోటితో నొక్కి విరిచాడు. తర్వాత కుడి కాలు కొలిచి ఇంకో పుల్ల విరిచాడు. రెండూ పక్కపక్కన పట్టుకున్నాడు. నేను నా రెండు కాళ్ళను అలా పక్కపక్కన ఎన్నడూ చూసుకోలేదు. తేడా బెత్తెడు కూడా లేదు. ఇన్నేళ్ళూ నేను ఇంకా ఎంతో అనుకున్నాను.

"నాయన గూడ రెండు పుల్లలు విరిచేటోడు" అన్నాడు అన్న, పుల్లల వైపే చూస్తూ.

"లేదు. ఒక్కటే విరిచేవాడు. నేను చూశా."

"నువ్వు మేల్కొని ఉన్నప్పుడు ఒకటి. పండుకున్నంక ఇంకోటి. నీకు తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటవని. ఇద్దరం బజారుకు పోతుంటిమి. దుకాణం మెట్ల దాకా రెండూ జేబుల ఉండేవి. మెట్లకాడ నిలబడి కొంచెంసేపు చూసేటోడు. దుకాణపాయన జత ఇడదీసి ఇయ్యడు కద. చిన్న పుల్ల ఆడనే పారేసి లోపలికి పోయేటోడు."

"ఎప్పుడైనా అడిగాడా, విడదీసి ఇమ్మని?"

"ఒకసారి అడిగిండు. ఆయన నవ్విండు. మళ్ళ అడగలే."

నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆయన మీద జాలి పడాలో, కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. ప్రతి ఏడాదీ కొలిచాడట. ప్రతి ఏడాదీ పారేశాడట. నిద్రలో ఉన్న నన్ను కొలిచిన ఆ చేతిని గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఏమీ గుర్తు రాలేదు. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు గాని నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

అన్న చిన్న పుల్ల పారేయలేదు. డీసీఎం నుంచి పానా తెచ్చాడు గాని కొల్హార్‌లో వేసిన బోల్టు కదలలేదు. మనుమల దాకా ఉండాలని వేయించింది కదా. అక్క వాళ్ళాయన తుమ్మ చెక్క ముక్క ఒకటి ఇస్తే, దాన్ని ఎడమ పలకకు నా పాదం వైపు పెట్టి, పాత ట్యూబు రబ్బరు పట్టీలతో చుట్టి బిగించాడు. సాలీడు ఎటు పోయిందో తెలియదు. మా ఆయన పుల్ల పట్టుకుని లోపలికి చెయ్యి పెట్టి కొలత చూస్తూ ఉండిపోయారు. వాపస్ అన్న మాట ఇక ఎత్తలేదు, డీసీఎం తలుపు కూడా ఎవరూ తీయలేదు.

మళ్ళీ నీళ్ళలోకి దింపారు. మొదటి తోపుకే నేను భయపడి తెడ్డు ఆపేశాను. ఎడమ పాదం కింద ఏదో ఉంది. చేపో, పామో అనుకున్నాను. కదిలించి చూశాను. అది చెక్క. ఆ పాదం కింద ఎప్పుడూ ఏదీ ఉండేది కాదు, అందుకే పోల్చుకోలేకపోయాను. నెమ్మదిగా తన్ని చూశాను. పిక్కలో సన్నటి వణుకు వచ్చింది. ఆ కాలు నేను అనుకున్నంత బలహీనం కాదు. తంతే తన్నింది. పడవ ముక్కు కొంచెం కుడికి వచ్చి, తుమ్మ మోడు ఎదురుగా నిలిచింది.

మోడు దాకా పోయాను. కొమ్మను చేత్తో ముట్టుకున్నాను, రుజువు కోసం. తిరిగి వస్తుంటే మళ్ళీ కొంచెం కొంచెం ఎడమకు లాగింది గాని సర్దుకుంటూ వచ్చాను. సక్కగా అంటే గీత గీసినట్టు కాదు, అయినా నేను ఎక్కడికి అనుకున్నానో అక్కడికే వచ్చాను. ఒడ్డున మా ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలో నిలబడి ఉన్నారు. తడి పడని మనిషి ఎప్పుడు దిగారో ఏమో. పడవ ముక్కు పట్టుకుని ఆపారు.

"ఆరాంగుందా?" అన్నారు.

నాకు నాలుక చివరి దాకా వచ్చింది పాత జవాబు. ఆగాను. మొదటిసారి లోపలికి చూసుకున్నాను. తుంటి సరే. నడుము సరే. కుడి కాలు సరే. ఎడమ కాలు తన్నాలంటే ఇంకా కొంచెం చాచాల్సి వస్తోంది.

"లేదు" అన్నాను. "ఎడమ దిక్కు చెక్క ఇంకో వేలెడు ఇవతలికి జరపాలి."

అన్న ఇంకో చెక్క ముక్క తీసుకుని నీళ్ళలోకి దిగాడు.